వరస కుదరని ఇల్లు

పిల్లలు ఎక్కడ ఉండాలి, ఎలా పెరగాలి అన్న సంగతి వాళ్ళను పెంచేవాళ్ళకే వదిలేస్తే కొంప మునుగుతుందని గ్రహించి, ప్రభుత్వం వారు బాలల నివాస సంరక్షణ నియంత్రణ మండలిని స్థాపించారు. మండలి మొదటి ఏడాదంతా తన నివాసం వెతుక్కుంది. రెండో ఏడు అందులో ఎవరి గది ఏదో తేల్చుకుంది. మూడో ఏడు నిబంధనలు రాసి అచ్చు వేయించింది.

ఆ నిబంధనలు నేను మొదటినుంచి చివరిదాకా చదివాను. కొత్తరేవు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా రేకుల పందిరి కింద కూర్చుని చాలా ఏళ్ళుగా దస్తావేజులు రాస్తున్నవాణ్ణి. నేను రాసిన కాగితాలతో కోర్టులో గెలిచినవాళ్ళున్నారు, ఓడినవాళ్ళున్నారు, ఇద్దరూ మళ్ళీ నా దగ్గరికే వచ్చారు. కాగితం ఘనత తెలిసినవాణ్ణి కనుక చెబుతున్నాను, అంత చక్కటి నిబంధనలు నేనెక్కడా చూడలేదు. అందులో ఏడో నిబంధన మరీ ముచ్చటైనది. "ప్రతి నివాసమునందును కుటుంబ సదృశ వాతావరణము ఉండవలెను" అంటుంది. కింద వివరణ కూడా ఉంది. "కుటుంబ సదృశ వాతావరణము అనగా కుటుంబమునందు ఉండు వాతావరణమునకు సదృశమైన వాతావరణము."

ఇది వచ్చినప్పటినుంచి జిల్లాలో అందరికీ కుటుంబం పూనింది. హాస్టలు అనే మాట నిషేధించారు. వార్డెన్ అనకూడదన్నారు. పక్క ఊళ్ళో రెండు వందలమంది పిల్లలున్న పెద్ద భవనంలో వార్డెను గారి గది తలుపు మీద 'తల్లిదండ్రుల సమన్వయకర్త' అని బోర్డు పెట్టారు. ఆయన పిల్లలకు బెత్తం చూపించడం మాత్రం మానలేదు. తండ్రి హోదాలో చూపిస్తున్నానన్నాడు.

మా ఊళ్ళో మంగాయమ్మ గారిల్లు ఉంది. ఆవిడ పెద్దాసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. పిల్లల వార్డులో ఎవరూ తీసుకుపోని పిల్లను ఒకర్తెను ఇంటికి తెచ్చుకుంది. తరవాత ఇంకొకర్ని తెచ్చుకుంది. అలా ఇప్పటికి పదకొండుమంది అయ్యారు. ఇంత పెంకుటిల్లు, వెనకాల బావి, వీధివైపు పెద్ద హాలు. వంటకు నూకరత్నం, పైపనులకు సత్తిరాజు. ఆ ఇంటికి ఇంతకాలం పేరు కూడా లేదు. పోస్టుమాన్ 'మంగాయమ్మ గారి పిల్లలు' అనేవాడు, అదే పేరు.

ఒకరోజు ఆవిడ మండలి నోటీసు కొంగున ముడేసుకుని నా పందిరి కిందకి వచ్చింది.

"ఏవండీ లేఖరి గారూ, ఏటండీ ఇది? బళ్ళు తెరిచేలోగా రిజిస్ట్రీ అవకపోతే పిల్లల్ని పట్టుకుపోతారంటండి. ఆడపిల్లల్ని ఓ ఊరంట, మగపిల్లల్ని ఓ ఊరంట, పసోళ్ళని ఇంకో ఊరంట."

"నిబంధన అదేనమ్మా" అన్నాను.

"మా లోవరాజునీ లోవలక్ష్మినీ ఇడగొడితే ఆ పిల్ల బతకదండి. అన్నయ్య చెయ్యి పట్టుకోకుండా బడి గుమ్మం కూడా ఎక్కదు."

లోవరాజు, లోవలక్ష్మి అన్నాచెల్లెళ్ళు. తల్లీతండ్రీ ఒకే జ్వరంలో పోయారు. ఆ పిల్లాడికి పదేళ్ళుంటాయి. ఆ పిల్లకి ఏడో ఎనిమిదో. ఆవిడ చెప్పింది నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ ఇద్దరూ అప్పుడు కూడా మా పందిరి బయట చేతులు పట్టుకునే నిలబడి ఉన్నారు.

"భయపడకండి. కాగితాల పని నాకు వదిలెయ్యండి" అన్నాను. నాకు ఆ రోజు ఎంత ధైర్యం ఉందో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

దరఖాస్తు రాశాను. పది రోజులు తిరగకుండానే ప్రమాణాల పరిశీలనాధికారి విద్యానాథరావు గారు వచ్చారు. బక్కపల్చటి మనిషి, ఇస్త్రీ చొక్కా, చంకలో టేపు. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. పిల్లలు లేరు, భార్య ఉంది, ఆవిడ కూడా ఆయనతో అర్జీ పెట్టుకునే మాట్లాడుతుందని తరవాత విన్నాను. లంచం మాట ఎత్తితే ఆయనకు జ్వరం వస్తుందట. ఆయన నోట్లోంచి వచ్చే ప్రతి వాక్యం ఫైల్లో రాసుకోవడానికి సిద్ధంగా ఉంటుంది.

"మంచినీళ్ళు స్వీకరించడమైనది" అన్నారు గ్లాసు కింద పెట్టి.

కిటికీలు కొలిచారు. మరుగుదొడ్ల తలుపులు మూసి తెరిచి చూశారు. అగ్నిప్రమాదం కోసం పెట్టిన ఇసుక బకెట్లో తొంగిచూశారు. "అగ్నిమాపక ఇసుకయందు పిల్లి ఈనినట్లు గమనించడమైనది" అని రాసుకున్నారు. తరవాత హాల్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"ఇప్పుడు ఏడో నిబంధన. పిల్లలు సిబ్బందిని ఏమని సంబోధిస్తారు? బంధుత్వ పట్టిక పూరించవలసి ఉన్నది."

నాకు గొప్ప సంతోషం కలిగింది. పెద్ద పెద్ద భవనాలవాళ్ళు పిల్లలకు బలవంతాన నేర్పిస్తున్న పని ఇక్కడ ఎవరూ చెప్పకుండానే జరిగిపోతోంది. మనూళ్ళలో పిల్లలు కొత్త మనిషి కనిపిస్తే పేరడగరు, వరస కలుపుతారు. పట్టిక నేనే నా గుండ్రటి దస్తూరీతో పూరించాను. మంగాయమ్మ గారు పెద్దమ్మ. నూకరత్నం అత్త. సత్తిరాజు మావయ్య. నూకరత్నం మొగుడు ఈశ్వర్రావు పంచదార ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, వారానికోసారి పుల్లఐసులు పట్టుకుని వస్తాడు, అతను బాబాయి. లోవరాజు, లోవలక్ష్మి మాత్రం మంగాయమ్మ గారిని అత్తమ్మ అంటారు. వచ్చిన రోజున ఆ పిల్ల నోటికి ఆ మాటే వచ్చింది, ఆవిడ పలికింది, అలాగే ఉండిపోయింది.

విద్యానాథరావు గారు పట్టిక చదివి, "మిక్కిలి సంతృప్తి వ్యక్తపరచడమైనది" అన్నారు. టేపు చుట్టుకుని లేచారు. గుమ్మం దాటబోతుండగా ఆ ఇంట్లో అందరికన్నా చిన్నవాడు, మూడేళ్ళ పండు, ఆయన కాలు వాటేసుకుని, "తాతా, ఎత్తుకో" అన్నాడు.

ఆయన నిలబడిపోయారు. అటూ ఇటూ చూశారు. ఎత్తుకోవడానికి నిబంధన ఉందో లేదో తెలియక కాసేపు వాణ్ణి అలాగే కాలికి ఉంచుకున్నారు. తరవాత వంగి ఎత్తుకున్నారు. దింపాక జేబులోంచి పెన్ను తీసి, పట్టిక చివరి వరసలో తన పేరు రాసి, ఎదురుగా 'తాత' అని నమోదు చేశారు. నిజాయితీపరుడని ముందే చెప్పాను కదా.

మండలి కేంద్ర కార్యాలయంలో ఆ పట్టిక ఎవరి చేతికి చేరిందో గానీ, వాళ్ళు బాగా తీరిక ఉన్నవాళ్ళు. నెల తిరక్కుండా మెమో వచ్చింది. దాన్ని నేను మంగాయమ్మ గారి హాల్లో అందరి ముందూ చదివాను. అందరి ముందూ చదవడం పొరపాటని రెండో పేరాలో తెలిసింది.

"వంటమనిషి అత్తయు, సహాయకుడు సత్తిరాజు మావయ్యయు అయినందున, వీరిరువురు భార్యాభర్తలుగా పరిగణించబడుచున్నారు. వివాహ ధ్రువీకరణ పత్రము జతపరచలేదు."

సత్తిరాజు చేతిలో ఉన్న చీపురు కింద పడేశాడు. నూకరత్నం ఇంకా నోరు తెరవకముందే నేను మూడో పేరా చదివేశాను.

"ఈశ్వర్రావు అను వ్యక్తి బాబాయి, అనగా తండ్రి తమ్ముడు. నూకరత్నము అత్త, అనగా తండ్రి సోదరి. కనుక వీరిరువురు తోబుట్టువులు. వీరు ఒకే ఇంట కాపురముండుట ఆక్షేపణీయము."

"నా మొగుడు నాకు అన్నయ్యేటండీ!" అని నూకరత్నం గరిటె పట్టుకుని హాల్లోకి వచ్చింది. "ఎవడండీ రాసింది? ఆడి నోట్లో మన్నడిపోను! పన్నెండేళ్ళ కాపరం నాది! రమ్మనండి ఆణ్ణి, ఈ గరిటితోటే వరస కలుపుతాను!"

"శాంతించమ్మా, ఇది కేవలం పట్టిక ప్రకారం" అన్నాను.

"పట్టికెవరు రాశారు?"

నేను గబగబా నాలుగో పేరాకి వెళ్ళిపోయాను. అది ఇంకా ఘనంగా ఉంది. తొమ్మిదిమంది పిల్లలు మంగాయమ్మను పెద్దమ్మ అంటున్నారు కనుక వాళ్ళ తల్లులంతా అక్కచెల్లెళ్ళు, పిల్లలు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ. ఇద్దరు అత్తమ్మ అంటున్నారు కనుక వాళ్ళు ఆమెకు మేనల్లుడు, మేనకోడలు. అంటే ఆ తొమ్మిదిమందికీ ఈ ఇద్దరికీ మధ్య బావామరదళ్ళ వరస. "వరసైన వారిని ఒకే హాలునందు నిద్రింపజేయుట ప్రమాణములకు విరుద్ధము. తక్షణము విభజన కుడ్యము నిర్మించవలెను."

హాలు మధ్య తాటాకు తడిక కట్టించాను. అటు తొమ్మిదిమంది, ఇటు అన్నాచెల్లెళ్ళు. పిల్లలు తడికకు అటూ ఇటూ నిలబడి బంతి ఆడుకోవడం మొదలుపెట్టారు. హాలుకు ఇంత మంచి వస్తువు ఇన్నాళ్ళూ ఎందుకు కట్టించలేదని వాళ్ళు మంగాయమ్మ గారిని నిలదీశారు.

వరసలు సరిదిద్దే ప్రయత్నం కూడా చేశాం. సత్తిరాజును బాబాయనీ, ఈశ్వర్రావును మావయ్యనీ పిలవమని పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పాను. చక్కగా తలలూపారు. ఆ వారం ఈశ్వర్రావు పుల్లఐసులతో వచ్చి, "ఒరేయ్ పిల్లలూ" అనగానే పదిమంది "బాబాయ్" అని మీద పడ్డారు. లోవరాజు ఒక్కడే ఆగి, నా మొహం చూసి, "మావయ్యా" అన్నాడు మర్యాదగా. అప్పటికి ఐసులు అయిపోయాయి. ఇక వాడికి మళ్ళీ ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మెమో చివర ఇంకో పేరా ఉంది. నిబంధనల ప్రకారం బంధువుల నివాసాన్ని బంధువు పరిశీలించరాదు. విద్యానాథరావు గారు తాత కనుక ఆయన పరిశీలన చెల్లదు. కొత్త అధికారిని నియమించడమైనది.

ఆ వచ్చినావిడ పేరు సుగుణకుమారి. చురుకైన పిల్ల, ఇలాంటి చిక్కు మళ్ళీ రాకుండా జాగ్రత్తపడి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "పిల్లలూ, నన్ను పరిశీలనాధికారి గారూ అనాలి. ఇంకేమీ అనకూడదు. ఏదీ, ఒకసారి అనండి" అంది. పిల్లలంతా అన్నారు. నేను అంతకుముందు మూడు రోజులు అదే పాఠం చెప్పి ఉన్నాను. పండు చేత కూడా అనిపించాను, సగం మింగేసినా అన్నాడు.

పరిశీలన అంతా సజావుగా జరిగింది. ఎండలో తిరిగి ఆవిడ చెమటలు కక్కుతుంటే కనకం అనే పిల్ల పరుగున మంచినీళ్ళు తెచ్చింది. పాఠం మరిచిపోలేదు పాపం.

"పరిశీలనాధికారి పిన్నీ, ఇవిగో నీళ్ళు."

సుగుణకుమారి గ్లాసు పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఒక్క గుక్కలో నీళ్ళు తాగింది. ఆ తరవాత పట్టిక తీసింది.

మూడో అధికారి చెవుల్లో దూది పెట్టుకుని వచ్చాడు. ఎవరేమన్నా వినబడకూడదని ఆయన పథకం. మంగాయమ్మ గారు ఆ దూది చూసి, ఆస్పత్రి అలవాటు ఎక్కడికి పోతుంది, ఆయన్ని బలవంతాన కుర్చీలో కూలేసి దూది లాగేసింది. "ఏం నాయనా, చెవిపోటా? చిన్నప్పుడు నూనె చుక్క వేసినవాళ్ళు లేరా నీకు?" అని వెల్లుల్లి వేసి కాచిన నూనె తెచ్చింది. 'నాయనా' అన్నది పట్టికకెక్కింది. ఆయన ఆవిడ కొడుకయ్యాడు.

మండలిలో అసలు ఇబ్బంది అప్పుడు మొదలైంది. విద్యానాథరావు పిల్లలకు తాత, సుగుణకుమారి పిన్ని. పిన్ని అంటే తాత కూతురు. తండ్రీ కూతుళ్ళు ఒకే విభాగంలో పనిచేయరాదని సేవా నిబంధనల్లో ఉంది. సుగుణకుమారిని రికార్డు గదికి బదిలీ చేశారు. ఆవిడ సొంత తండ్రి ఏలూరులో బట్టలకొట్టు నడుపుతున్నాడని అర్జీ పెట్టుకుంటే, "రెండో తండ్రి విషయము ప్రత్యేకముగా పరిశీలించబడును" అని జవాబు వచ్చిందట.

మంగాయమ్మ గారు పెద్దమ్మ కనుక ఆవిడ కూడా విద్యానాథరావు గారి కూతురే, పైగా పెద్ద కూతురు. ఆవిడ ఆయన కన్నా నాలుగేళ్ళు పెద్దది. మాకు మళ్ళీ మెమో వచ్చింది. "కుమార్తె తండ్రి కన్నా ముందుగా జన్మించుటకు గల కారణములు వారము లోగా తెలుపవలెను."

నేను నా వృత్తి జీవితంలో రాసిన వాటిలో మంచి వాక్యం ఏదంటే దీనికిచ్చిన జవాబే చెబుతాను. "అప్పటి పరిస్థితుల దృష్ట్యా అట్లు జరిగినది" అని రాశాను. మండలి వారు సంతృప్తి చెంది ఫైలు మూశారు.

ఇలా నవ్వుకుంటూనే ఉన్నాం గానీ వేసవి అయిపోవచ్చింది. జిల్లాలో మంగాయమ్మ గారికి బంధువు కాని అధికారి మిగల్లేదు. పరిశీలన చేసేవాళ్ళు లేరు, రిజిస్ట్రేషన్ లేదు. అప్పుడు రాజధానికి రమ్మని పిలుపు వచ్చింది. తుది విచారణ, పిల్లలందరినీ తీసుకురావాలి. పునరావాస వాహనం మండలివారే పంపుతారు, బట్టలు సర్దుకుని రావాలి. ఆఖరి మాట చదివి మంగాయమ్మ గారు లోపలికి వెళ్ళింది. పిల్లల బట్టలు ఊరికొకటి చొప్పున మూడు మూటలు కట్టింది. తరవాత మూటలు విప్పేసి, లోవలక్ష్మి గౌను ఒకటి అన్నయ్య చొక్కాల మూటలో పెట్టింది, వాడి చొక్కా ఒకటి ఆ పిల్ల మూటలో పెట్టింది. నేను బయటికి వెళ్ళిపోయాను. నాకు చూడబుద్ధి కాలేదు.

విచారణ హాలు పెళ్ళిమండపమంత ఉంది. ఎత్తుమీద అధ్యక్షులు, పక్కన న్యాయ సలహాదారు, ముందు మేము. వెనక బెంచీ మీద విద్యానాథరావు గారు, ఆయన కూడా సంజాయిషీ ఇవ్వడానికే వచ్చారు. పండు ఆయన్ని గుర్తుపట్టి వెళ్ళి ఒళ్ళో కూర్చున్నాడు. మండలి ప్రాంగణంలో వ్యక్తిగత పిల్లలను ఎత్తుకోరాదని గోడ మీద రాసి ఉంది. ఆయన ఆ బోర్డు చదివారు, పండును దింపలేదు.

అధ్యక్షులు గొంతు సవరించుకున్నారు.

"మా ముందున్న మౌలిక ప్రశ్న ఏమనగా, ఈ నివాసమునందు కుటుంబ సదృశ వాతావరణము కలదా? సమగ్ర పరిశీలన అనంతరం మండలి అభిప్రాయము ఏమనగా, లేదు. ఇక్కడ ఉన్నది కుటుంబము. అత్తలు, మావయ్యలు, పెద్దమ్మ, తాత, చివరకు ఆక్షేపణీయమైన కాపురములు సహా సమస్తమూ కలవు. మండలి చట్టము కుటుంబములకు వర్తించదు. మనము కుటుంబమును పోలిన దానిని మాత్రమే రిజిస్టరు చేయగలము, కుటుంబమును రిజిస్టరు చేయజాలము. కావున దరఖాస్తు తిరస్కరించడమైనది."

"మంచిదే కదండీ" అన్నాను నేను. "కుటుంబం అయినప్పుడు రిజిస్ట్రేషనే అక్కర్లేదుగా."

"రిజిస్టరు కాని నివాసమునందు పిల్లలు ఉండరాదు" అన్నారు అధ్యక్షులు. "ఆ విషయమై చట్టము సుస్పష్టము. వాహనము సిద్ధము."

నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళు కాగితాన్ని నమ్ముకున్నవాణ్ణి, ఆ క్షణంలో ఆ హాల్లో ఉన్న కాగితమంతా పోగేసి అగ్గిపుల్ల గీయాలనిపించింది.

మంగాయమ్మ గారు లేచి నిలబడింది. ఏడవలేదు. "బాబుగారూ, మీ కాగితం మీరే ఉంచుకోండి. మా ఇల్లు ఇల్లు కాదంటే కాదు, సరే. ఈ ఇద్దర్నీ మాత్రం ఒక్కచోట ఉంచండి. ఏ ఊరన్నా సరే, ఎక్కడన్నా సరే. చెయ్యి వదిలిస్తే ఆ పిల్ల నిలవదు బాబూ."

లోవరాజు చెల్లెలి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ పిల్ల అధ్యక్షుల వైపు చూడలేదు, అన్నయ్య వేళ్ళ వైపే చూస్తోంది.

"వినతిని సానుభూతితో గమనించడమైనది" అన్నారు అధ్యక్షులు.

అప్పుడు న్యాయ సలహాదారు పుస్తకంలో వేలు పెట్టి లేచాడు. జాలిపడి లేచాడని నేననను, అతనికి చదవడం ఇష్టం, అంతే. "చిన్న సాంకేతిక అంశం సర్. రిజిస్టరు కాని నివాసం నుంచి పిల్లలను తరలించే ముందు, బంధువులు ఎవరైనా ఉంటే ముందుగా వారికి అప్పగించాలి. బంధువులు లేరని తేలితేనే ప్రభుత్వ గృహాలు."

"ఉన్నారా బంధువులు?"

"ఉన్నారు సర్. మన పట్టికలోనే ఉన్నారు. మండలి ముద్ర కూడా పడింది, కాదనడానికి లేదు. వరసక్రమం చూస్తే తల్లిదండ్రుల తరవాత తాత. అందరిలోకీ తాతది ముందు హక్కు." అతను పట్టిక తిరగేశాడు. "విశేషం ఏమిటంటే, తొమ్మిదిమందికి తల్లి తండ్రి, ఇద్దరికి తండ్రి తండ్రి. ఈ పట్టిక మొత్తంలో ఎక్కడా వైరుధ్యం లేని మనిషి ఆయనొక్కడే."

హాలంతా వెనక బెంచీ వైపు తిరిగింది. విద్యానాథరావు గారు పండును ఒళ్ళో పెట్టుకునే లేచారు. మొహం పాలిపోయింది. అధ్యక్షులు ఆయన్ని పదకొండుమందికీ సంతకం పెట్టి తీసుకోమన్నారు.

"నివాస వసతి?" అన్నారు అధ్యక్షులు.

"రెండు గదుల క్వార్టరు కలదు" అన్నారాయన. "ఒక గదియందు బియ్యపు డబ్బా కలదు."

ఎవరూ నవ్వలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, న్యాయ సలహాదారును అడిగారు. "ఒక సందేహము. తాత తన మనవలను పెద్ద కూతురి ఇంటికి పంపుటకు మండలి అనుమతి అవసరమా?"

సలహాదారు పుస్తకం ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. "పిల్లలు బంధువుల ఇంటికి వెళ్ళడం చట్టం పరిధిలో లేదు."

"ఎంతకాలము ఉండవచ్చును?"

"గడువు ఎక్కడా పేర్కొనలేదు."

"మేనత్త ఇంటికి?"

"అదీ అంతే."

"ఇద్దరూ ఒకరే కనుక ఒకే ఇల్లు" అన్నారు విద్యానాథరావు గారు. సంతకం చేశారు. పదకొండు చోట్లా చేశారు. లోవలక్ష్మి పేరు పక్కన చేసేటప్పుడు లోవరాజు ఇంత దగ్గరికి వచ్చి కాగితం మీదకి వంగి చూశాడు. ఆయన వాడి తల మీద చెయ్యి వేసి, "మీరిద్దరూ కలిసే వెళ్తారు" అన్నారు.

ఆయన కన్నా నాలుగేళ్ళు పెద్దదైన ఆయన పెద్ద కూతురు అప్పుడు ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డచోటే కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. నేను గోడ మీది బోర్డులు చదువుతూ నిలబడ్డాను, నాకు అక్షరాలు కనబడలేదు.

మండలి ఆ ఏడాది నివేదికలో నూటికి నూరు శాతం పిల్లలను కుటుంబాలకు చేర్చినట్టు రాసుకున్నారని, అధ్యక్షులకు దండ కూడా వేశారని తరవాత తెలిసింది. వేసుకోనివ్వండి.

బయట వాహనం దగ్గర డ్రైవరు కాగితం చూసి తల గోక్కున్నాడు. మూడు ఊళ్ళని రాసిచ్చారు తనకు, మొదట ఎవర్ని దింపాలన్నాడు. "అందర్నీ ఒక్క గుమ్మంలోనే దింపు బాబూ, కొత్తరేవు" అంది మంగాయమ్మ గారు. పిల్లలు మూటలతో సహా ఎక్కేశారు. విద్యానాథరావు గారు మనవల్ని స్వయంగా అప్పగించి రావాలని ముందు సీటులో కూర్చున్నారు. నేను కూడా మెట్టు మీద కాలు పెట్టాను. మండలి గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టాడు.

"బంధువులు మాత్రమే ఎక్కాలి. పట్టికలో మీ పేరు లేదు."

నిజమే, లేదు. రాసినవాణ్ణి నేనే. అందరి వరసలూ రాశాను గానీ నేనెవరినో రాయాలని నాకు తోచలేదు, ఆ పిల్లలు నన్ను ఏమని పిలుస్తారో ఎప్పుడూ చెవిన పెట్టలేదు. ఆ ఎండలో, మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టుకుని నిలబడితే సిగ్గుగా అనిపించింది. కాలు వెనక్కి తీసుకోబోయాను.

"మీరు వీళ్ళకు ఏమవుతారు?" అన్నాడు గుమాస్తా పెన్ను తీస్తూ.

నేను జవాబు చెప్పేలోగా పిల్లలే చెప్పారు. కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, అందరూ ఒక్కసారే అరిచారు. పెదనాన్న అన్నారొకరు, మావయ్య అన్నారు, బాబాయి అన్నారు, తాత అన్నాడు పండు, చిన్నాన్న అంది కనకం. లోవలక్ష్మి అన్నయ్య చెయ్యి ఒక్కక్షణం వదిలి నా చొక్కా పట్టుకుని లాగింది, "నాన్నా, ఎక్కు" అంది.

గుమాస్తా పెన్ను గాల్లో ఆగిపోయింది. వీటిలో ఏది రాయాలో తెలియక విద్యానాథరావు గారి వైపు చూశాడు.

"పెన్నుకు మూత పెట్టవయ్యా" అన్నారాయన. "ఎక్కనీ."